అంకెలు సరిపోయాయి, పేరు సరిపోలేదు

నలభై రెండేళ్ళు బండ్లు చూశాను. రిపేర్లూ చేశాను గానీ భిలాయిలోని సుపేలా బజారులో నా పేరు నిలబడింది మాత్రం బండ్లు చూసేవాడిగానే. సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకునే వాళ్ళు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. నేను తల ఊపితే బేరం కుదిరేది. ఊపకపోతే అమ్మేవాడి టీ తాగేసి వచ్చేసేవాళ్ళం.

ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. బండి కిందికి దూరితే బయటికి రావడానికి ఇద్దరు కావాలి. అందుకే మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు మాత్రం ఇంకా ఫోన్ చేస్తారు. ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న: పిల్లో పిల్లాడో కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నారు, తక్కువలో రావాలి, బీమా కూడా తక్కువ పడాలి, ఏ బండి చూపించమంటారు?

ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై నాలుగో ఏట వచ్చాయి. ఇందులో అక్షరం తప్పు ఉంటే అచ్చువేసేవాళ్ళు దిద్దుకోవాలి. మాట తప్పు ఉంటే అది నాది.

సర్దార్జీ కూర్చోబెట్టిన సీటు

మా పిన్నమ్మ మొగుడు భిలాయి ఉక్కు ప్లాంటు కట్టుబడిలో కూలీగా చేసేవాడు. ఆయన వెంట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాను. ప్లాంటులో ఉద్యోగానికి ఎనిమిదో తరగతి పాసైన కాగితం కావాలన్నారు. నా దగ్గర ఒకటో తరగతి కాగితం కూడా లేదు. మా ఊరివాడు ఒకడు సుపేలాలో ఒక సర్దార్జీ గ్యారేజీలో చేర్పించాడు.

సర్దార్జీకి నోరు మంచిది కాదు. స్పానర్ విసిరేవాడు. జీతం ఎప్పుడిస్తాడో ఆయనకే తెలియదు. ఇవన్నీ ఉన్నవే, దాచడం దేనికి? కానీ బండి విషయంలో అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, మూడో సిలిండర్ బద్ధకిస్తోందని చెప్పేవాడు. విప్పి చూస్తే మూడోదే.

ఆయనకు ఒక నియమం ఉండేది. నడిపే మనిషి రాకుండా బండి చూసేవాడు కాదు. తండ్రి వచ్చి కొడుక్కి కారు కావాలంటే, "బేటా కహాఁ హై?" అనేవాడు. ఆ కొడుకు వచ్చాక ముందు సీట్లో కూర్చోబెట్టేవాడు. క్లచ్ పూర్తిగా తొక్కమనేవాడు. ముందు బానెట్ కొస కనిపిస్తోందా అని అడిగేవాడు. వెనక్కి రెండుసార్లు తీయించేవాడు. ఇవన్నీ అయ్యాకే బానెట్ ఎత్తేవాడు.

ఒకసారి నేను నవ్వాను. "ఉస్తాద్, బండి చూడ్డానికి పిలిచారా, పిల్లాణ్ణి చూడ్డానికి పిలిచారా?" అన్నాను. స్పానర్ విసరలేదు గానీ చేతిలోకి తీసుకున్నాడు. "కొత్తగా నడిపేవాడికి నచ్చిన బండి వేరు, చేతికి లొంగే బండి వేరు. నచ్చిన బండితో గోడకి గుద్దుతాడు" అన్నాడు.

ఇది రాసిపెట్టుకోండి. మొదటి బండి చిన్నదై ఉండాలి. నాలుగు మూలలూ సీట్లోంచి తెలియాలి. దాని సామాను సుపేలాలో ఏ దుకాణంలోనైనా దొరకాలి. ఇంటి ముందు ఎలా కనపడుతుందన్నది రెండో బండికి ఆలోచించుకోవచ్చు.

జేబులో పెన్ను

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నాకు అంకెలు వచ్చు. చిన్నప్పుడు సంతలో నేర్చుకున్నాను. అక్షరాలు రావు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా చొక్కా జేబులో ఒక పెన్ను పెట్టుకు తిరిగేవాణ్ణి. బండి కాగితాలు చేతికిస్తే ఎండకేసి పట్టుకుని, వేలితో కిందికి జరుపుకుంటూ చూసేవాణ్ణి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, బీమా ఎప్పటివరకు ఉందన్న తేదీ, ఇవన్నీ అంకెలే కదా. అవి కుదిరితే కాగితాలు బాగున్నాయని చెప్పేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు అలాగే నడిచింది.

సింహాచలం అని మా పక్క ఊరివాడు ప్లాంటు రోలింగ్ మిల్లులో చేసేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. కానీ ఇంత దూరంలో పక్క ఊరంటే చుట్టరికమే. నన్ను బావా అని పిలిచేవాడు. నేనూ బావా అనేవాణ్ణి. అతనికి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. రెండేళ్ళ కూతురు పుట్టెడు జ్వరంతో ఒక వానలో స్కూటర్ మీద ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చిందని, కారు కొనాలని పట్టుబట్టాడు. నేనే వెతికాను, నేనే చూశాను. ఇంజను మేలిమి బంగారం. కాగితాలు నా చేతికిచ్చి, "ఇంగిలీసు నాకు రాదు, నువ్వే సూసుకో బావా" అన్నాడు. చూశాను. అంకెలన్నీ సరిపోయాయి. తల ఊపాను.

రెండు నెలల్లోపే రాజ్‌నాంద్‌గావ్ రోడ్డు మీద లారీ వెనక నుంచి గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. బండి మాత్రం చితికిపోయింది. బీమా ఉంది కదా అని ఇద్దరం ధైర్యంగా దుర్గ్‌లో బీమా ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి గుమాస్తా కాగితం తిప్పి మా వైపు పెట్టి, ఒక చోట వేలు పెట్టాడు.

"యే నామ్ కిస్‌కా హై?"

సింహాచలం నా వైపు తిరిగాడు. "బావా, నువ్వు సూసినావు కదా. ఈ పేరెవులుది?"

"తేదీలు సూసినాను. ఛాసిస్ నంబరు సూసినాను. అన్నీ కుదిరినాయి" అన్నాను.

"నంబర్లు సరే. పేరేటి?"

గుమాస్తాయే చదివి చెప్పాడు. ఆ బండి మొదట కొన్న మనిషి పేరది. ఆయన ఇంకొకరికి అమ్మాడు, ఆ ఇంకొకరు సింహాచలానికి అమ్మాడు. రిజిస్ట్రేషన్ చేతులు మారింది గానీ బీమా మొదటి మనిషి పేరు మీదే ఉండిపోయింది. బీమా ఉన్నవాడికి బండి లేదు, బండి ఉన్నవాడికి బీమా లేదు, బండికి అయిన నష్టం ఇవ్వడం కుదరదు అన్నాడు. వాళ్ళ తప్పేమీ లేదు. కాగితంలో ఉన్నదే చెప్పారు.

తిరుగు బస్సు దుర్గ్ దాటాక సింహాచలం నా జేబువైపు చూసి అడిగాడు.

"ఆ పెన్నులో సిరా ఉన్నాదేటి?"

అంతే. దిగిపోయేటప్పుడు, "వెళ్ళొస్తాను పైడిరాజుగారూ" అన్నాడు.

గారు అన్న మాట మర్యాదకు పెట్టుకున్నదని అందరూ అనుకుంటారు. నాకు ఆ రోజు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అతను ఇరవై రెండేళ్ళు నన్ను అలాగే పిలిచాడు. ఇరవై రెండేళ్ళూ కారు కొనలేదు. డ్యూటీకి సైకిలు, ఇంటికి స్కూటరు.

మెట్ల కింద బడి

మర్నాటి నుంచి గ్యారేజీలో కూర్చుని ఎదురు చూశాను. సింహాచలం నోరు విప్పితే నా పని అయిపోయినట్టే. భిలాయిలో తెలుగువాళ్ళ నోట పడిన మాట ప్లాంటు క్వార్టర్ల సెక్టార్ ఒకటి నుంచి పదిదాకా వెళ్ళడానికి ఒక పూట చాలు. వారం గడిచింది, నెల గడిచింది. బండ్లు చూడమని వచ్చేవాళ్ళు తగ్గలేదు. అతను ఎవరికీ చెప్పలేదు. నేను అతని డబ్బు పోగొట్టాను. అతను నా అన్నం కాపాడాడు. అతను తిట్టి ఉంటే నేను చదువు నేర్చుకునేవాణ్ణి కాదనుకుంటాను. తిట్టలేదు గనుక ఊరుకోలేకపోయాను.

సుపేలాలో ఒక స్టేషనరీ దుకాణం మెట్ల కింద బల్ల వేసుకుని రాజేశ్వరి మేడమ్ బండ్ల బీమాలు రాసేది. విజయనగరం ఆవిడ. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి వెళ్ళాను. చెప్పడానికి చెమట పట్టింది.

"నాకు చదువు రాదు మేడమ్."

"తెల్సు" అంది.

"ఎలగ తెల్సు?"

"నువ్వు పాలసీ సూసినప్పుడు నీ వేలు నంబర్ల కాడ ఆగుతాది, పేర్ల కాడ ఆగదు. ఎన్నేళ్ళు నీకు?"

"నలభై నాలుగు."

"అయితే ఏటి? ఈ పాలసీలు ఏడాదికోసారి కొత్తవి అవుతన్నాయి. నువ్వెందుకవవు?"

జేబులో పెన్ను తియ్యమంది. తీశాను. రాయలేదు. ఎన్నేళ్ళనుంచి ఎండిపోయి ఉందో దానికే తెలియాలి. ఆవిడ నవ్వలేదు. తన పెన్ను ఇచ్చింది. గడువు తీరిన పాత పాలసీ ఒకటి తీసి దాని వెనక తెల్లవైపు ఒక మాట రాసింది. అ, ఆలతో మొదలుపెట్టలేదు. పేరు అని రాసింది. "నువ్వు దెబ్బ తిన్నది దీని కాడే. ఇది ముందు రానీ" అంది.

రెండేళ్ళు మధ్యాహ్నం అన్నం వేళ ఆ మెట్ల కిందే నా బడి. ముందు తెలుగు, తరవాత ఇంగ్లీషు. నా పుస్తకాలన్నీ పాత పాలసీలే. ముందువైపు ఇంగ్లీషు మాట పక్కన పెన్సిల్‌తో తెలుగులో అర్థం రాసి పెట్టేది. ఒక్క రూపాయి తీసుకోలేదు. పండక్కి చీర పట్టుకెళ్తే, "పైడిరాజూ, నాకు చీరలున్నాయి. నువ్వు ఒక పేజీ తప్పులేకుండా చదువు, అది పట్టుకురా" అని తిప్పి పంపింది.

బీమా గురించి ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ చెప్పేస్తాను, మీకు పనికొస్తుంది. బీమాలో రెండు ముక్కలుంటాయి. ఒకటి మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికి. ఇది లేకుండా రోడ్డెక్కడం చట్టప్రకారం తప్పు. దీని ఖరీదు ఇంజను సైజును బట్టి ఉంటుంది. పెద్ద ఇంజనుకూ చిన్న ఇంజనుకూ తేడా చూస్తే గుండె ఆగుతుంది. రెండోది మన బండికి జరిగే నష్టానికి. ఇది బండి విలువను బట్టి ఉంటుంది. కాబట్టి బీమా తక్కువ పడాలంటే వెతకాల్సిన చోటు బీమా దుకాణం కాదు. బండి దగ్గరే తేలిపోతుంది: చిన్న ఇంజను, తక్కువ విలువ, కంపెనీ ఇచ్చినట్టే ఉన్న బండి.

ఏడాదంతా క్లెయిమ్ చెయ్యకపోతే మరుసటి ఏడాది తగ్గింపు ఇస్తారు. తలుపు మీద గీత పడిందని క్లెయిమ్‌కి పరిగెత్తితే ఆ తగ్గింపు పోతుంది. కొత్తగా నడిపేవాళ్ళకు గీతలు పడతాయి. పడనివ్వండి. పెద్ద దెబ్బకు దాచుకోండి.

సింహాచలం కూతురు

పని మానేశాక బండి చూసిపెట్టింది ఒకే ఒక్కరికి.

పోయిన వర్షాకాలానికి ముందు ఒక అమ్మాయి స్కూటర్ మీద మా ఇంటికి వచ్చింది. వీపున బరువైన సంచి. ఫిజియోథెరపీ చదివిందట. రిటైరైన ప్లాంటు మనుషుల ఇళ్ళకు వెళ్ళి మోకాళ్ళకూ నడుములకూ కరెంటు పెట్టే పని. ఒక ఆసుపత్రివాళ్ళు దుర్గ్, భిలాయి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇస్తామన్నారు, కానీ సొంతంగా నాలుగు చక్రాల బండి ఉండాలన్నారు. మిషను వానలో తడిస్తే పాడవుతుంది. పని మొదలయ్యేది ఒకటో తేదీ సోమవారం. ఆ రోజుకు బండి లేకపోతే ఆ పని ఇంకొకరికి.

"నీ పేరేటమ్మా?"

"పావని. సింహాచలంగారి అమ్మాయిని అంకుల్."

జ్వరంతో స్కూటర్ మీద వెళ్ళిన ఆ రెండేళ్ళ పిల్ల. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"మీ నాన్నకు తెలుసా ఇక్కడికి వచ్చినట్టు?"

"నాన్నే భేజా, ఆయనే పంపారు. 'బండి సంగతి పైడిరాజుగారి చెవికి తెల్సు. కాగితం మాత్రం నువ్వు చదువుకో' అన్నారు."

ఆ మాట మంచిదో చెడ్డదో నాకు ఆ క్షణంలో తెలియలేదు. "ఇప్పుడు నాకూ చదవడం వచ్చు" అన్నాను. గొంతు కాస్త గట్టిగా వచ్చినట్టుంది. ఆ పిల్ల తెల్లబోయి, తరవాత నవ్వింది.

"బస్, మరింకేం? దోనో మిల్‌కే, ఇద్దరం కలిసి చదువుదాం అంకుల్."

చదువుకునే రోజుల నుంచి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న రెండు లక్షలు ఉన్నాయి ఆమె దగ్గర. అప్పు చెయ్యనంది. బండి, బదిలీ ఖర్చు, బీమా అన్నీ అందులోనే కావాలి. తప్పు బండి పడితే డబ్బూ పోతుంది, పనీ పోతుంది. పోగొట్టేది మళ్ళీ నేనే, మళ్ళీ అదే ఇంట్లో.

చూసిన మూడు బండ్లు

మొదటిది పావని మేనమామది. విశాఖపట్నంలో ఉంటాడు. పెద్ద డీజిల్ బండి, చవగ్గా ఇస్తానన్నాడు. ఇంట్లో వాళ్ళమ్మకు అన్నగారి మాట కాదనడం కష్టంగా ఉంది. నేను ఫోన్ తీసుకున్నాను.

"బాబూ, పాదాల కింద మ్యాటు ఎత్తి ఫోటో తీసి పంపండి."

"మ్యాటు కింద ఏటుంటాది మిస్త్రీ?"

"తుప్పుంటాది."

"నా బండికి తుప్పేటి? సముద్రానికి ఎదురుగుండా ఇల్లు నాది!"

"నానూ అదే అంటన్నాను బాబూ."

ఫోటో వచ్చింది. సముద్రపు గాలి తిన్న రేకు అడుగు నుంచి పోతుంది. పైన మెరుస్తూనే ఉంటుంది. పైగా వేరే రాష్ట్రం బండి. ఇక్కడికి తెస్తే అక్కడి నుంచి అనుమతి కాగితం, ఇక్కడ మళ్ళీ పన్ను. ఇంజను పెద్దది గనుక ఏటేటా బీమా మోత. చవకగా ఇచ్చే చుట్టం బండికి ఖరీదు తరవాత తెలుస్తుంది. మేనమామకు కోపం వచ్చింది. వచ్చినా ఫరవాలేదు, నాకు ఆయన మేనమామ కాడు.

రెండోది సుపేలాలో బండ్లు అమ్మే చోట. వెడల్పు చక్రాలు, గుడి ఉత్సవానికి సరిపోయే స్పీకర్లు, కింద గ్యాస్ కిట్. గ్యాస్ కిట్ ఉంటే రిజిస్ట్రేషన్‌లో ఉండాలి, బీమాలోనూ రాయించాలి. ఇక్కడ రెండింట్లోనూ లేదు. "అంకుల్‌జీ, కాగితాలు ఎవరు చూస్తారు?" అన్నాడు అమ్మేవాడు. "బండి కాలినప్పుడు చూస్తారు" అన్నాను. వచ్చేశాం. పావని టీ కూడా తాగనివ్వలేదు.

మూడోది సెక్టార్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మది. హిందీ ఆవిడ. చిన్న పెట్రోలు బండి, తొమ్మిదేళ్ళది, ఒకే చెయ్యి, అంటే మొదటి నుంచీ ఆవిడదే. వెళ్ళేముందు ఫోన్ చేసి, మేము వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాను. ఇది మరచిపోకండి. ముందే వేడెక్కించిన ఇంజను సగం రోగాలు దాస్తుంది. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. అక్కడే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

అరచెయ్యి పైకప్పు మీద పాముకుంటూ పోయాను. నున్నగా ఉంది. ప్లాంటు గేటు దగ్గర ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండైతే ఇనుప ధూళి అంటుకుని చేతికి గరుగ్గా తగులుతుంది. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపులకూ మడ్‌గార్డులకూ ఆనించి చూశాను. రంగు కింద సొట్ట మీద పుట్టీ పూసి ఉంటే అతుక్కోదు. అంతటా అతుక్కుంది. టైర్ల మీద అచ్చొత్తిన నాలుగంకెలు చూశాను. అవి ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. గాడులు బాగానే ఉన్నా టైర్లు ముసలివి. ఆ మాట చెప్తే టీచరమ్మ, "సహీ బాత్ హై" అని ధర తగ్గించింది. ఇంజను స్టార్ట్ చేసి కళ్ళు మూసుకున్నాను. సర్దార్జీ ఉంటే ఆయనా తల ఊపేవాడు.

తరవాత పావనిని సీట్లో కూర్చోబెట్టాను. నేను చెప్పకుండానే తన మిషను సంచి డిక్కీలో పెట్టి, మూసి, తీసి చూసింది. రెండుసార్లు వెనక్కి తీసింది. రెండోసారి తులసికోటకు జానెడు దూరంలో ఆపింది. అప్పుడు బీమా కాగితం అడిగి తీసుకుని, చెట్టు నీడలో నిలబడి చదివింది.

"అంకుల్, ప్రీమియం చాలా తక్కువుంది. కానీ ఇందులో సగం డిస్కౌంట్ కదా. క్లెయిమ్ చెయ్యనిది ఈ టీచర్ దీదీ. నేను కాదు కదా. నాకెందుకిస్తారు?"

ఆ తగ్గింపు మనిషిది, బండిది కాదు. అమ్మిన మనిషి దాన్ని తన తరవాతి బండికి పట్టుకుపోవచ్చు. కొన్నవాళ్ళకు రాదు. పాత ప్రీమియం చూపించి బండి అంటగట్టేవాళ్ళు ఎంతోమంది. ఈ సంగతి నాకు మెట్ల కింద కూర్చున్న రెండో ఏడాది బోధపడింది. ఈమెకు ఒక్కసారి చదివితే తెలిసింది. తగ్గింపు లేకుండా ఎంత పడుతుందో ఫోన్లో లెక్క వేయించింది. రెండు లక్షల్లోకే వచ్చింది. అప్పుడు నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఇరవై రెండేళ్ళ తరవాత ఆ ఇంటి కోసం ఊపడం. మెడ బరువుగా ఉంది.

ఐ ఎక్కడ?

దుర్గ్‌లో రిజిస్ట్రేషన్ బదిలీ కాగితాలు పెట్టారు. బీమా బదిలీ ఒక ఏజెంటు ఫోన్ మీదే చేశాడు. రాజేశ్వరి మేడమ్ ఇప్పుడు రాయపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది, లేకపోతే ఆవిడే చేసేది. శుక్రవారం కొత్త కాగితం వచ్చిందని పావని ఫోన్ చేసి ఇంటికి రమ్మంది.

సింహాచలం గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. "రండి పైడిరాజుగారూ" అన్నాడు. బండి ముందు నిమ్మకాయలు కూడా పెట్టేశారు. తాళంచెవి పావని వేలికి తిరుగుతోంది.

"అంతా చూశాను అంకుల్. ఛాసిస్ నంబర్, డేట్, పేరు, సబ్ ఠీక్. సోమవారం ఫస్ట్ విజిట్ సెక్టార్ సెవెన్."

సింహాచలం ఆమె చేతిలో కాగితం తీసుకున్నాడు. లేచి వచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"పెద్దోరు. మీరూ ఓపాలి సదవండి."

ఇరవై రెండేళ్ళ కిందటి దుర్గ్ ఆఫీసు మళ్ళీ ముందుకు వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నాను. నా చదువు మీ చదువులా పరిగెత్తదు. నట్లు విప్పినట్టు ఒక్కో అక్షరం పట్టుకుని తిప్పుకుంటూ పోవాలి. అంకెల దగ్గర ఆగలేదు. పేరు దగ్గర వేలు పెట్టి పైకే చదివాను.

"జి, ఇ, డి, ఇ, ఎల్, ఏ. గేదెల. మీ ఇంటిపేరు, సరే. పి, ఏ, వి, ఏ, ఎన్."

వేలు పక్కకు జరిపాను. తెల్లగా ఉంది.

"ఐ ఏదమ్మా?"

"ఏ ఐ అంకుల్?"

"నీ పేరు చివర ఐ ఉండాల కదా."

పావని వంగి చూసింది. "అరే, పావనియే కదా..." అంటూ ఆగిపోయింది. వేలికి తిరుగుతున్న తాళంచెవి ఆగింది. "బాప్ రే. పవన్ అని వేశాడు. కింద మేల్ అని కూడా ఉంది."

హిందీ ఏజెంటు ఫోన్లో విన్నది పవన్. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వాళ్ళకు ఎలాగూ తికమక. పావని నాకంటే వందరెట్లు చదువుకున్న పిల్ల. కానీ తన పేరు తనకు తెలుసు గనుక చూడగానే అక్కడ ఉందనుకుంది. నాకు ఏ మాటా చూడగానే రాదు. అందుకే లేనిది లేనట్టే కనిపించింది. ఆ ఒక్క అక్షరానికి క్లెయిమ్ ఆపుతారో ఆపరో నాకు తెలియదు. సింహాచలాన్ని మళ్ళీ ఆ బల్ల ముందు నిలబెట్టి తెలుసుకోవాలని నాకు లేదు.

సింహాచలం కూతురి వేలి నుంచి తాళంచెవి తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "కాయితం సరయ్యేదాకా బండి కదల్దు" అన్నాడు. పావని అప్పటికే ఏజెంటుకు ఫోన్ చేసి, లైసెన్సు ఫోటో పంపి, "భయ్యా, మై లడ్‌కీ హూఁ" అని అరుస్తోంది. శనివారం సాయంత్రం దిద్దిన కాగితం వచ్చింది. మళ్ళీ నన్ను పిలిచారు. మళ్ళీ చదివాను. ఐ ఉంది. ఫిమేల్ అని ఉంది. సింహాచలం కాగితం తీసుకుని, తెలియని ఇంగ్లీషులోనే ఆ ఐ మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే. చెవి ఉస్తాద్ ఇస్తాడు, చెయ్యి పని ఇస్తుంది. కాగితం మాత్రం నెమ్మదిగా చదవండి, పేరు దగ్గర ఆగండి. రానిది రాదని చెప్పండి. నేను చెప్పి ఉంటే ఒక మనిషి ఇరవై రెండేళ్ళు సైకిలు తొక్కేవాడు కాదు.

ఆ శనివారం ఇంటికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. పావని బండి స్టార్ట్ చేసింది. సింహాచలం ముందు సీట్లో కూర్చుని, చెయ్యి వెనక్కి చాపి వెనక తలుపు తెరిచాడు.

"ఎక్కు బావా. మా గుంట ఇంటికాడ దింపుతాది."

ఎక్కాను. సుపేలా దాకా ఆ ఇంజను ఎలా మోగిందని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను. నేను వినలేదు.